రాతి ఇల్లు (హోసూరు–కృష్ణగిరి ప్రాంతం)

తమిళనాడు వాయవ్య మూలన, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులను ఆనుకుని ఉన్న కృష్ణగిరి జిల్లాలో రాతి పలకలు, రాతి దిమ్మెలు, రాతి కంబాలతో కట్టిన ఆవరణలన్నిటినీ ఈ వ్యాసం రాతి ఇల్లు అన్న పేరు కింద పరిశీలిస్తుంది. ఇనుప యుగపు సమాధి గదులు, వీరగల్లు గుళ్లు, కొండకోటల్లోని గిడ్డంగులు, పల్లెల్లోని బండల మిద్దెలు, 19వ శతాబ్దపు దొరల బంగళాలు ఈ కోవలోకి వస్తాయి. ఒక్కొక్కటి ఒక్కో అవసరానికి పుట్టినా, ఆ అవసరం తీరాక కూడా కట్టడం నిలిచి ఉండటం, వేరొకరు వేరొక పనికి దాన్ని వాడుకోవటం వీటన్నిటా కనిపిస్తుంది. కట్టెతో, మట్టితో కట్టినది వదిలేస్తే నాలుగు వానలకు నేలమట్టమవుతుంది. రాతిది అలా పోదు కాబట్టి ఇక్కడి రాతి ఇంటి చరిత్ర చాలావరకు దాని రెండో, మూడో ఉపయోగాల చరిత్రే.

జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి జిల్లా నుంచి విడివడింది. ధర్మపురి 1965 వరకు సేలం జిల్లాలో భాగం. అందుకే పాత లెక్కల్లో, గెజిటీర్లలో ఇక్కడి కట్టడాల వివరాలు సేలం పేరు కిందనే దొరుకుతాయి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇళ్లలో వినిపించే ప్రాంతం ఇది. హోసూరు, డెంకణికోట, శూలగిరి, వేపనపల్లి వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రాయి పనికి సంబంధించిన మాటల్లో చాలావాటికి తెలుగు ముద్ర ఉండటానికి ఈ జనాభాతో పాటు రాయి కొట్టే ఒడ్డెరలు తెలుగువారు కావటమూ కారణం.

రాయి, నేల

జిల్లా రెండు అంతస్తులుగా ఉంటుంది. హోసూరు వైపు నేల సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, మైసూరు పీఠభూమికి కొనసాగింపుగా ఉంటుంది. రాయకోట దాటి కనుమలు దిగితే కృష్ణగిరి మైదానం వస్తుంది. పాత రికార్డుల్లో పైభాగం బాలాఘాట్, కిందిది బారామహల్. కృష్ణగిరి, జగదేవి మొదలైన 12 కొండకోటల వల్ల బారామహల్ అన్న పేరు వచ్చిందని సంప్రదాయం.

రెండు భాగాల్లోనూ అడుగున ఉన్నది ఒకే రకం రాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి నైస్, గ్రానైట్ శిలలు బోడగుట్టలుగా పైకి తేలి కనిపిస్తాయి. వాటిని అక్కడక్కడ చీల్చుకుంటూ నల్లని డోలరైట్ పట్టీలు పోతాయి. నైస్‌లో ఖనిజాలు పొరలుగా అమరి ఉంటాయి. ఎండకు, చలికి గుట్ట పైపొర ఉల్లిపొరలా విడుతూ ఉంటుంది. పలకగా విడదీయటానికి అనువైన ఈ గుణమే ఇక్కడి రాతి కట్టడాల రూపాన్ని నిర్ణయించింది. ఇటుకలా పేర్చిన రాయి కన్నా నిలువుగా పాతిన పలక, అడ్డంగా పరచిన పలక ఎక్కువగా కనిపించటానికి కారణం అదే. (చూ. బండ తీసే పని.)

బండ తీసే పని

పాత పద్ధతిలో పలకను నిప్పుతో విడదీసేవారు. చదునైన గుట్టను ఎంచి, దాని మీద సన్నని వరుసగా కట్టెలు పేర్చి మంట పెడతారు. రాతి పైపొర వేడికి వ్యాకోచించి అడుగు రాతి నుంచి ఊడుతుంది. పనివాడు మంటకు ముందున్న రాతిని సుత్తితో తట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, విడిన రాయి డొల్లగా మోగుతుంది. డొల్ల శబ్దం వచ్చిన మేరకు మంటను మెల్లగా ముందుకు జరుపుతారు. చూపు కన్నా చెవి మీద ఎక్కువగా ఆధారపడిన పని ఇది. ఆపైన ఉలితో వరుసగా గుంటలు కొట్టి, చీలలు దిగగొట్టి, పెద్ద పొరను కావలసిన వెడల్పు పట్టీలుగా చీలుస్తారు.

హోసూరుకు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు పరిసరాల్లో ఈ పద్ధతిని చూసిన హెచ్. వార్త్ 1895లో ‘నేచర్’ పత్రికలో దాన్ని వర్ణించాడు. ఒకే మంటతో దాదాపు 740 చదరపు అడుగుల పలక, సుమారు 5 అంగుళాల మందాన విడిపోవటం ఆయన నమోదు చేసిన విషయం. పేలుడు మందు వాడితే రాయి ముక్కలవుతుంది. నిప్పు వాడితే పలక ఒక్కటిగా వస్తుంది. ఇంటి కప్పుకు కావలసింది రెండోదే.

ఈ పనిలో ఆరితేరినవారు ఒడ్డెరలు. తమిళనాట వీరిని ఒడ్డర్లు, బోయర్లు అనీ, కర్ణాటకలో భోవీలు అనీ అంటారు. బావులు తవ్వటం, చెరువు కట్టలు వేయటం, రాయి కొట్టటం వీరి కులవృత్తులు. కోట గోడ కట్టినా, కలెక్టరు బంగళా లేచినా, రైతు పశువుల కొట్టానికి కంబాలు కావలసి వచ్చినా రాయి తీసి ఇచ్చిన చేతులు ఎక్కువగా వీరివే. శాసనాల్లో కట్టించినవారి పేర్లు ఉంటాయి, వీరి పేర్లు కనిపించటం అరుదు.

సమాధి గదులు

ప్రాంతంలో నిలిచి ఉన్న రాతి ఆవరణల్లో అతి పురాతనమైనవి ఇనుప యుగపు సమాధులు. తెలుగునాట వీటిని రాక్షసగుళ్లు, పాండవుల గుళ్లు అంటారు. ఇక్కడి తమిళులు మోరియర్ ఇళ్లు అంటారు. మోరియర్లు ఒకనాడు బతికిన పొట్టి మనుషులనీ, నిప్పుల వాన కురిసినప్పుడు ఈ రాతి ఇళ్లలో దాక్కున్నారనీ కథలు చెబుతారు. ఇవి నివాసాలు కావు, మృతుల ఎముకలకు, వారి వస్తువులకు కట్టిన గదులు.

కృష్ణగిరి జిల్లాలోని మల్లచంద్రం గుట్ట మీద ఇవి దట్టంగా ఉన్నాయి. ఒక గదిని దగ్గరగా చూస్తే నిర్మాణం తేలిగ్గా అర్థమవుతుంది. నాలుగు పలకలను నిలువుగా పాతుతారు. ప్రతి పలక ఒక అంచు పక్కదాన్ని దాటి బయటికి పొడుచుకువస్తుంది, రెండో అంచును ఇంకో పలక పట్టి ఉంచుతుంది. పైనుంచి చూస్తే ఈ అమరిక స్వస్తికంలా ఉంటుంది. మట్టి ఒత్తిడి ఏ వైపు నుంచి వచ్చినా పలకలు ఒకదాన్నొకటి ఆపుకుంటాయి కనుక సున్నం, బంక ఏవీ అక్కర్లేదు. అడుగున ఒక పలక, పైన కప్పుబండ. ఒక పలకకు, ఎక్కువగా తూర్పు వైపుదానికి, మనిషి తల పట్టేంత గుండ్రటి కన్నం తొలిచి ఉంటుంది. గది చుట్టూ గుండ్రటి తల ఉన్న పలకలను వలయంగా నిలిపారు. పలకల మందం, చీలిన అంచులు చూస్తే పైన చెప్పిన బండ తీసే పద్ధతికి మూలం ఎంత పాతదో ఊహించవచ్చు.

ఈ సమాధులు కట్టినవారి ఊళ్లు చాలావరకు మట్టిలో కలిసిపోయాయి. అలా మట్టిలో దొరికిన స్థలాల్లో తొగరపల్లి దగ్గరి మయిలాడుంపారై ముఖ్యమైనది. అక్కడ పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి చెందిన కె. రాజన్ 2003లో తవ్వకాలు జరిపారు. రాష్ట్ర పురావస్తు శాఖ 2021లో మళ్లీ తవ్వింది. ఇనుము వాడిన పొరకు క్రీ.పూ. 2172 నాటి కాలనిర్ణయం వచ్చిందని 2022 మే నెలలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించటంతో ఈ గుట్ట దేశవ్యాప్త చర్చలోకి వచ్చింది.

సమాధి గదుల రెండో జీవితం ఎప్పుడు మొదలైందో గాని, అది చాలా దీర్ఘమైనది. కొన్ని గదుల లోపలి గోడల మీద తెల్ల రంగు బొమ్మలు ఉన్నాయి. బర్గూరు దగ్గరి మల్లపాడి గుట్టపై కూడా గుర్రపు రౌతుల తెల్ల బొమ్మలు ఉన్నాయి. వాన వచ్చినప్పుడు గొర్రెల కాపరులు, మేకపిల్లలు ఈ గదుల్లో తలదాచుకుంటారు. దీపం పెట్టి, కుంకుమ పూసి గుడిగా మార్చినవీ ఉన్నాయి. గది పాడవటం కప్పుబండ పోవటంతోనే మొదలవుతుంది. అరుగుకు, కాలువ మీద అడ్డానికి, గుమ్మానికి సరిపోయే పలక సిద్ధంగా దొరుకుతుంటే కొత్తది చీల్చే శ్రమ ఎవరూ పడరు. సరిహద్దుకు అవతల చిత్తూరు జిల్లాలోని ఇరళబండ ఇందుకు బాధాకరమైన సాక్ష్యం. గుండ్రటి తలల పలకలతో మూడేసి వలయాలుగా కట్టిన అక్కడి సమాధుల్లో చాలావాటిని రాయి కోసం పగలగొట్టేశారు. చిత్తూరు వైపు ఇటువంటి సమాధుల గురించి కెప్టెన్ న్యూబోల్డ్ 19వ శతాబ్దం మధ్యలోనే రాశాడు. రాసినంత మాత్రాన అవి దక్కలేదు.

వీరగల్లు గుళ్లు

పశువుల మందలను కాపాడుతూనో, పులితో పోరాడుతూనో చనిపోయిన వీరునికి నిలిపిన చెక్కుడు రాయి వీరగల్లు, తమిళంలో నడుకల్. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో ఇవి విరివిగా ఉన్నాయి. చాలాచోట్ల రాయిని ఆరుబయట వదలకుండా మూడు పలకలు నిలిపి, పైన ఒక పలక పరచి చిన్న గది కట్టారు. సమాధి గదికి, ఈ గుడికి మధ్య వెయ్యేళ్లకు పైగా ఎడం ఉన్నా కట్టే తీరు ఇంచుమించు ఒకటే. లోపలి వీరుడు క్రమంగా వేడియప్పన్ పేరుతో ఊరి దేవుడయ్యాడు. ఎవరి జ్ఞాపకంగా పెట్టారో మరుపున పడ్డాక పూజ మాత్రం మిగిలింది. కృష్ణగిరిలో 1993లో మొదలైన ప్రభుత్వ మ్యూజియంలోకి కొన్ని వీరగల్లులు చేరాయి. అక్కడ అవి మళ్లీ శాసనాలుగా, శిల్పాలుగా చదవబడుతున్నాయి.

కోటలోని ఇళ్లు

విజయనగర కాలం నుంచి 18వ శతాబ్దం చివరి దాకా ఇక్కడ రాతి కట్టుబడికి ప్రధాన పోషకుడు యుద్ధమే. పెనుకొండను కాపాడినందుకు 16వ శతాబ్దం చివర జగదేవరాయలు బారామహల్‌ను జాగీరుగా పొందాడు. కృష్ణగిరికి దగ్గరి జగదేవి కోట ఆయన పేరు మోస్తోంది. బాగలూరు, బేరికె, శూలగిరి, అంకుశగిరి పాళెగాళ్లు తమ తమ కొండలను పట్టుకుని ఉండేవారు. తర్వాత ఈ కోటలు మైసూరు ఏలుబడిలోకి వచ్చాయి.

కొండకోటలో మనుషులు నివసించే ఇళ్లు తక్కువ, దాచే ఇళ్లు ఎక్కువ. ధాన్యపు కొట్లు, మందుగుండు గదులు, నీటి దొనలు, కాపలా గదులు. ముట్టడి నెలల తరబడి సాగితే గెలుపోటములను తేల్చేది గోడ ఎత్తు కన్నా కొట్టులోని రాగులు, దొనలోని నీళ్లు. మందుగుండు గదికి మందపాటి గోడలు, కిటికీ లేకపోవటం, లోపల తడి చేరకుండా గచ్చు అవసరం. సరిగ్గా ఈ గుణాలే తర్వాతి కాలంలో వీటిని ఇంకే పనికీ అంతగా పనికిరాకుండా చేశాయి.

మూడో మైసూరు యుద్ధంలో 1791 జులైలో మేజర్ గౌడీ నాయకత్వంలోని ఇంగ్లీషు సేన హోసూరు, రాయకోటలను పట్టుకుంది. అదే ఏడు నవంబరులో ఇంగ్లీషు సేనాని మాక్స్‌వెల్ కృష్ణగిరి మీద దాడి చేసి కింద ఉన్న పేటలోకి చొరబడగలిగాడు గాని పైకోటను తీసుకోలేకపోయాడు. అంతకుముందు హోసూరు కోటను బలపరచటానికి మైసూరు ఏలిక టిప్పు సుల్తాను ఇంగ్లీషు ఖైదీలను వాడుకున్నాడు. వారిలో హామిల్టన్ అనే పనివాడు గోడలు, బురుజులు సరిచేయించాడనీ, కంపెనీ సేన దగ్గరపడగానే అతణ్ణి శిరచ్ఛేదం చేశారనీ ఆనాటి ఇంగ్లీషు కథనాలు చెబుతాయి. ఇవి గెలిచిన పక్షం రాసుకున్నవి అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

1799 తర్వాత కోటలు

1792 శ్రీరంగపట్నం సంధితో బారామహల్ ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. హోసూరు పైభాగం మాత్రం టిప్పు చేతిలోనే ఉండిపోయి, 1799లో ఆయన మరణం తర్వాత కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది. ఆ ఏడేళ్లు రాయకోట సరిహద్దు కోట. 1799లో జనరల్ హారిస్ నాయకత్వంలోని కంపెనీ సేన ఈ దారినే మైసూరులో ప్రవేశించింది. అంతటితో కనుమకు ఇటూ అటూ ఏలిక ఒక్కటే అయింది. కాపలా కాయటానికి సరిహద్దే లేకుండా పోయింది. ఈ ప్రాంతపు రాతి కట్టడాల చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు. గోడలకు ఒక్క గుండు తగలకుండానే కోటలు పనిలేనివయ్యాయి.

కోటల స్థానంలో అధికారం కచేరీలోకి మారింది. 1792లో అలెగ్జాండర్ రీడ్ బారామహల్‌కు కలెక్టరుగా వచ్చాడు. విలియం మాక్లియోడ్, జేమ్స్ గ్రాహం, థామస్ మన్రో ఆయన సహాయకులు. రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రయత్వారీ పద్ధతి రూపు దిద్దుకున్నది వీరి కొలతల్లోనే. ఆ తర్వాత సీడెడ్ జిల్లాల్లో మన్రో దాన్ని విస్తరించాడు కాబట్టి రాయలసీమ పాఠకులకు ఈ పేర్లు కొత్త కాదు. శిస్తు లెక్కలకు బురుజులు అక్కర్లేదు. కాగితం తడవని గది, ఖజానాకు తాళం పడే గది ఉంటే చాలు.

కృష్ణగిరిలో కొండ కింద పాత పేట మిగిలింది, దౌలతాబాద్ పేరుతో కొత్త ఊరు పెరిగింది. కొండ మీది గదులు ఖాళీ అయ్యాయి. కోటలోని రాయి కొంత కిందికి దిగి ఊరి ఇళ్లలో చేరింది. కొండ మీద మాత్రం సయ్యద్ బాషా దర్గా వల్ల మనుషుల రాకపోకలు ఆగలేదు. సైనికుడు వెళ్లిపోయిన మెట్ల మీద నేటికీ మొక్కు తీర్చుకునేవారు ఎక్కుతున్నారు. హోసూరు కోట కథ వేరు. అది చదునైన నేల మీది కోట. ఊరి పక్కనే, చెరువుకు దగ్గరగా, కందకంతో సహా ఖాళీగా ఉన్న స్థలం. అలాంటి స్థలం మీద కలెక్టరు చూపు పడటంలో ఆశ్చర్యం లేదు.

హోసూరు కెనిల్‌వర్త్ కాసిల్

ప్రాంతంలో ఎక్కువ కథలు పుట్టించిన రాతి భవనం ఇదే. 1850లలో సేలం కలెక్టరుగా పనిచేసిన హెచ్. ఎ. బ్రెట్ దీన్ని హోసూరు కోట ఆవరణలో కట్టించాడు. అందుకే బ్రెట్ కాసిల్ అని కూడా అంటారు. సేలం ఎండకు, హోసూరు చల్లదనానికి ఉన్న తేడా వల్ల 19వ శతాబ్దంలో కొంతకాలం జిల్లా అధికారులు ఇక్కడ మకాం పెట్టి పాలన సాగించారు. తర్వాత హోసూరు సబ్‌కలెక్టరు కేంద్రంగా స్థిరపడింది.

నమూనాగా తీసుకున్నది ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌లో 1120ల్లో మొదలైన కెనిల్‌వర్త్ దుర్గం. దాని పేరు 19వ శతాబ్దంలో ప్రతి ఇంగ్లీషు ఇంట్లో వినిపించటానికి కారణం 1821లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల. 1575లో ఎలిజబెత్ రాణికి అక్కడ లీసెస్టర్ ప్రభువు ఇచ్చిన విందులు ఆ నవలకు నేపథ్యం. అసలు దుర్గాన్ని 1649లో అంతర్యుద్ధం తర్వాత పాలకులే పాడుపెట్టారు. అంటే హోసూరు నకలు పునాది పడే నాటికి అసలుది రెండు వందల ఏళ్లుగా శిథిలమే. యుద్ధావసరం పూర్తిగా తీరిపోయిన కోటలో, యుద్ధం చూసే అవకాశమే లేని ఇంకో కోట బొమ్మ లేచింది.

పెళ్లి చేసుకోబోయే యువతి, కెనిల్‌వర్త్ లాంటి ఇల్లు ఉంటే తప్ప ఇండియాకు రానని పట్టుబట్టిందనీ, ఆమె కోసమే కలెక్టరు ఇది కట్టించాడనీ హోసూరులో చెప్పుకుంటారు. పెద్ద బంగళాకు పెళ్లికూతురి కథ అతకటం మన దేశంలో చాలా ఊళ్లలో జరిగిందే. పై అధికారుల కంటికి దూరంగా, చల్లటి ఊళ్లో ఉన్న కలెక్టరు తన హోదాకు తగ్గ ఇల్లు కట్టుకున్నాడు అన్న వివరణ అంత రసవత్తరంగా ఉండదు గాని, కాలానికి ఎక్కువగా అతుకుతుంది.

భవనం పాలన అవసరాలకు, అధికారుల నివాసానికి ఉపయోగపడింది. అయితే ఒక మనిషి ముచ్చట కోసం కట్టిన ఇంటిని తర్వాత వచ్చినవారు భరించటం కష్టం. బురుజులు, ఎత్తైన గోడలు చూపుకు బాగుంటాయి. ఏటేటా మరమ్మతు ఖర్చు మాత్రం జీతం మీద బతికే అధికారికి అందదు, ఖజానాకు రుచించదు. మామూలు పెంకుటింటి బంగళాలు అదే పనిని తక్కువ ఖర్చుతో చేశాయి. వాడకం తప్పాక కాసిల్ పాడుబడింది. నేడు అది పూర్తి భవనంగా నిలిచి లేదు, శిథిలంగా, ఊరి కథగా మిగిలింది.

హోసూరు దగ్గర ఇదే శతాబ్దానికి చెందిన ఇంకో ఆవరణ గతి దీనికి పూర్తిగా భిన్నం. 1824లో సైన్యానికి గుర్రాల కోసం మత్తిగిరి వద్ద ఏర్పాటైన క్షేత్రం సైన్యానికి ఆ అవసరం తగ్గాక పశు సంవర్ధన కేంద్రంగా మారి, ఇప్పటికీ పశువుల క్షేత్రంగా నడుస్తోంది. గుర్రం బదులు ఆవు వచ్చింది. కొట్టం కొట్టంగానే ఉంది.

పల్లెలోని బండల మిద్దె

పెద్ద కట్టడాల కన్నా సంఖ్యలో ఎంతో ఎక్కువైనా పుస్తకాలకు తక్కువగా ఎక్కినది రైతు రాతి ఇల్లు. పునాది దగ్గర కొట్టని రాళ్లు, గోడలకు మట్టి అడుసుతో పేర్చిన రాయి, పైకప్పుకు రాతి కంబాల మీద అడ్డంగా పరచిన పలకలు, వాటి మీద మట్టి, సున్నం. రాయి లాగుడుకు త్వరగా విరుగుతుంది, ఒత్తిడిని ఎంతైనా భరిస్తుంది. అందుకే అడ్డపలక పొడవు మనిషి రెండు చేతులు చాచినంత మేరకు కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది. గది వెడల్పు కావాలంటే మధ్యలో కంబాల వరుస పెంచాల్సిందే. ఇంటి లోపల కంబాలు దగ్గర దగ్గరగా ఉండటానికి కారణం అలంకారం కాదు, ఈ లెక్క. కలప దూలాలు కొనగలిగిన ఇంట్లో గది విశాలంగా ఉంటుంది. కొనలేని ఇల్లు కంబాలతో నిండి ఉంటుంది.

ఇంట్లో మనుషులు, పశువులు, పంట ఒకే కప్పు కింద ఉండేవి. వీధి వైపు అరుగు, లోపల పంచ, ఒక పక్క కొట్టం. రాగులకు నేలలో తవ్విన పాతర ఉండేది. నోటి మీద రాతి పలక మూసి, అంచులు మట్టితో మెత్తేవారు. గాలి, తడి తగలకుంటే రాగులు ఏళ్ల తరబడి చెడవు. కరువుల నేల మీద ఇంటి గోడల కన్నా విలువైనది ఈ పాతరే.

1960ల తర్వాత సిమెంటు కప్పులు వచ్చాయి. రాయి ఇల్లు పగలు చల్లగా ఉన్నా, రాత్రి దాచుకున్న వేడిని వదులుతుంది. వెలుతురు తక్కువ. కొత్త ఇల్లు కట్టుకున్న కుటుంబం పాతదాన్ని పడగొట్టకుండా మొదట పశువులకు, తర్వాత మేత, పనిముట్లు, ఎరువుల బస్తాలకు వదిలేస్తుంది. ఆ దశ కూడా దాటితే పలకలు విడిగా బయటికి వస్తాయి: బట్టలు ఉతికే బండ, కుడితి తొట్టి పక్క అరుగు, పొలం గట్టు మీద రాతి కూసం. పూల తోటలు, కూరగాయల తోటలు పెరిగిన హోసూరు పరిసరాల్లో కంచెకు, పందిరికి ఈ కూసాలు నిత్యావసరం.

తొరపల్లి ఇల్లు

హోసూరుకు దగ్గరి తొరపల్లిలో 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి పుట్టిన ఇల్లు ఇక్కడ చెప్పదగినది, రాతి నిర్మాణంగా కన్నా ఉపయోగం మారిన తీరుకు ఉదాహరణగా. ఆయన తండ్రి ఆ గ్రామ మునసబు. ఆ రోజుల్లో గ్రామాధికారి ఇల్లే ఊరికి కచేరీ కూడా. రాజాజీ బాల్యంలోనే హోసూరు బడిలో చేరి, ఆ తర్వాత బెంగళూరు, మద్రాసు వెళ్లారు. మద్రాసు ప్రధానిగా, 1948 నుంచి 1950 వరకు భారత గవర్నర్ జనరల్‌గా, తర్వాత మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఆయన పుట్టిన ఇంటిని తమిళనాడు ప్రభుత్వం స్మారకంగా నిర్వహిస్తోంది. హోసూరులోని రాజభవనం లాంటి కాసిల్ పోయి ఈ చిన్న ఇల్లు నిలవటానికి గోడల బలం కారణం కాదు. ఈ ఇంటికి నెలనెలా జీతం తీసుకునే కాపలాదారు, వెల్ల వేయించే శాఖ ఉన్నాయి. కాసిల్‌కు లేవు.

ఉపయోగం మారే తీరు

పై ఉదాహరణలను పక్కపక్కన పెడితే కొంత క్రమం కనిపిస్తుంది. పూజ చేరిన కట్టడం అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. వీరగల్లు గుడి, కొండ మీది దర్గా, హోసూరు కొండపై హొయ్సళ కాలపు శాసనాలున్న చంద్రచూడేశ్వరాలయం ఇందుకు తార్కాణం. పూజ ఆగని చోట మరమ్మతుకు ఎవరో ఒకరు చందా పోగు చేస్తారు. పాలన చేరిన కట్టడం ఆ కార్యాలయం ఉన్నంత కాలమే నిలుస్తుంది. సొంత నివాసం వారసుల మధ్య పంపకం వచ్చినప్పుడు ఎక్కువగా దెబ్బతింటుంది.

దారులు కూడా గతిని మారుస్తాయి. తిరుపత్తూరు–కృష్ణగిరి చిన్న రైలు మార్గం 1905లో, మొరప్పూరు–ధర్మపురి మార్గం 1906లో మొదలయ్యాయి. రెండోది 1913లో హోసూరు దాకా సాగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, వాటిని మూసేసి పట్టాలు పీకేశారు. రైలు వెంట పెరిగిన గిడ్డంగులు, బసలు మళ్లీ రోడ్డు వైపు చూడాల్సి వచ్చింది. 1970ల నుంచి సిప్కాట్ పారిశ్రామికవాడతో హోసూరు భూమి ధర మారిపోయింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ కర్మాగారాలు వచ్చిన ఊళ్లో పాత రాతి ఇంటి కన్నా అది నిలిచిన స్థలానికే విలువ ఎక్కువైంది.

చట్టం, సంరక్షణ

కృష్ణగిరి, రాయకోట కోటలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వీటికి వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్ర స్థాయిలో 1966 నాటి తమిళనాడు చట్టం, 2012 నాటి వారసత్వ సంఘం చట్టం ఉన్నాయి.

ఈ చట్టాలు కోటకు సరిపోతాయి. గుట్ట మీద చెల్లాచెదురుగా ఉన్న సమాధి గదులకు కంచె వేయటం, కాపలా పెట్టటం వేరే సమస్య. రైతు బండల మిద్దె ఏ జాబితాలోనూ లేదు. దాని యజమానికి అది వారసత్వ సంపద అని చెప్పేవారు వస్తారు గాని, కారుతున్న కప్పుకు డబ్బు ఇచ్చేవారు రారు. వీరగల్లు విషయంలో పద్ధతి మీదే భిన్నాభిప్రాయాలున్నాయి. మ్యూజియానికి తెస్తే చెక్కడం దక్కుతుంది, ఊరు దేవుణ్ణి కోల్పోతుంది. ఊళ్లో ఉంచితే పూజ సాగుతుంది, నూనె, పసుపు, రంగుల కింద అక్షరాలు పూడుకుపోతాయి.

రాయి వ్యాపారం

జిల్లా నేడు గ్రానైట్ క్వారీలకు పేరుపొందింది. బర్గూరు, జగదేవి వైపు దొరికే, ఊదా, గులాబి చారలు మెలికలు తిరిగిన రాయి ‘పారడైసో’ పేరుతో విదేశాలకు పోతుంది. నిప్పు, చీలల స్థానంలో వజ్రపు తీగ రంపాలు వచ్చాయి. వెనకటి పనివాడు గుట్ట పైపొరను పలకగా ఊడదీస్తే, ఇప్పటి యంత్రం గుట్ట లోపలికి దిగి లారీ పట్టేంత దిమ్మెలు కోస్తుంది. ఆ దిమ్మెలు హోసూరు, కృష్ణగిరి పరిసరాల్లోని కర్మాగారాల్లో రెండు మూడు సెంటీమీటర్ల మందాన కోత పడి, మెరుగు పెట్టించుకుని, వంటింటి గట్లుగా, ఆఫీసు నేలలుగా, పాశ్చాత్య దేశాల్లో సమాధి ఫలకాలుగా మారుతున్నాయి.